ఇంగ్లీషు వాక్యం, మైథిలి వాక్యం: దర్భంగా పిల్లల గ్రామర్ తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

దర్భంగా_బ్యాంకోడు

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగం వల్ల ఇప్పుడు బీహార్లోని దర్భంగాలో ఉంటున్నా. పక్క వాటాలో పిల్లలు సాయంత్రం ఇంగ్లీషు హోంవర్కు పట్టుకుని మా ఇంటికొస్తారు. ఇంట్లో వాళ్ళది మైథిలి, బళ్ళో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. వాళ్ళు చేసే తప్పులు కొన్ని మన పిల్లలు చేసేవే. కొన్ని మాత్రం నేను మన వైపు ఎప్పుడూ చూడలేదు.

మచ్చుకి:

"మై సిస్టర్ ఈజ్ ఇల్. హీ ఈజ్ నాట్ గోయింగ్ టు స్కూల్."
"టూ బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్."
"పాపా సెడ్ దట్ ఐ విల్ నాట్ కమ్ టుడే." (రానిది నాన్న. రాసింది చదివితే రానిది పిల్లాడే అనిపిస్తుంది.)
"వై యూ ఆర్ లాఫింగ్?"

వీటికి కారణం హిందీయా, మైథిలియా? రెండు భాషల వాక్యాలు పక్కపక్కన పెట్టి ఎవరైనా చెప్పగలరా? దేవనాగరి రాని వాళ్ళూ ఉంటారు కాబట్టి మైథిలి అంతా మన లిపిలోనే రాసుకుందాం. అరసున్న కనిపిస్తే ముక్కుతో పలకండి. స్కూల్లో నేర్చుకున్న అరసున్నకి ఇన్నాళ్ళకి పని దొరికింది.

వ్యాకరణం_వెంకట్

మంచి ప్రశ్న. మొదటి రెండూ ఎక్కువగా మైథిలి నుంచి వచ్చినవే అంటాను.

హీ, షీ సంగతి చూడండి. హిందీలో కూడా సర్వనామానికి లింగం లేదు, ఎవరినైనా "వహ్" అనే అంటారు. కానీ క్రియ దగ్గర తేలిపోతుంది: జాతా హై, జాతీ హై. మైథిలిలో అదీ లేదు. "ఓ జాఇత్ అఛి" అంటే అతను వెళ్తున్నాడు, ఆమె వెళ్తోంది, రెండూ. వాక్యం మొత్తం వెతికినా వెళ్ళేది ఆడో మగో తెలియదు. గౌరవంగా చెప్పే భూతకాలంలో మాత్రం కాస్త కనిపిస్తుంది: "గేలాహ్" అంటే ఆయన వెళ్ళారు, "గేలీహ్" అంటే ఆవిడ వెళ్ళారు. చెల్లెలి గురించి ఎవరూ గేలీహ్ అనరు కదా. కాబట్టి ఆ పిల్లాడు షీ అని రాయాలంటే, తన భాష ఎన్నడూ అడగని ప్రశ్న ప్రతి వాక్యంలోనూ వేసుకోవాలి.

ఇక టూ బుక్. మైథిలిలో సంఖ్యకి "టా" తగిలిస్తారు: ఏకటా కితాబ్, దూటా కితాబ్. కితాబ్ మారదు. మనుషులైతే "దూ గోటే". మనం ఇద్దరు మనుషులు, రెండు పుస్తకాలు అని వేరు చేసినట్టే, వాళ్ళూ మనిషికీ వస్తువుకీ లెక్క వేరుగా పెడతారు. కానీ మన పుస్తకం "పుస్తకాలు" అవుతుంది, వాళ్ళది అవదు. బహువచనం తప్పనిసరిగా చెప్పాలనుకుంటే పక్కన "సభ్" చేరుస్తారు. "హమ్" అంటే నేను, "హమ్ సభ్" అంటే మేము. క్రియకి ఏకవచనం, బహువచనం తేడా లేనే లేదు. అందుకే ఈజ్, ఆర్ దగ్గర తడబాటు.

ఎందుకీగోల

మైథిలి అంటే హిందీలో ఒక యాసే కదండీ? దానికి ప్రత్యేకంగా గ్రామర్ ఏముంటుంది. బీహార్లో మూడేళ్ళు ఉన్నా, నాకు అంతా హిందీలాగే వినపడింది.

వ్యాకరణం_వెంకట్

@ఎందుకీగోల, పాట్నాలో ఉండి ఉంటారు, అక్కడ బయట వినపడేది హిందీయే. ఒక్క పరీక్ష పెడతాను. హిందీలో "రామ్ నే ఆమ్ ఖాయా", "రామ్ నే రోటీ ఖాయీ". తిన్నది రాముడైనా క్రియ మామిడిపండునీ రొట్టెనీ బట్టి మారింది, రాముడికి "నే" తగిలింది. మైథిలిలో "రామ్ ఆమ్ ఖయలక్", "రామ్ రోటీ ఖయలక్". నే లేదు, రొట్టె ఆడదనే గొడవా లేదు. ఇది యాస తేడా కాదు, వాక్యం కట్టే పద్ధతే వేరు. వంశం చూసినా బెంగాలీ, ఒడియా, అస్సామీలకే ఇది దగ్గర.

గ్రియర్సన్ అనే బ్రిటిష్ అధికారి, భాషావేత్త, 1880ల మొదట్లోనే ఉత్తర బీహారు మైథిలికి విడిగా వ్యాకరణం రాశాడు. మైథిలి, మగహీ, భోజ్‌పురీలను కలిపి "బిహారీ" అని పేరు పెట్టినదీ ఆయనే. ఆ పేరుతో ఆ భాష వాడే మనిషి మీకు ఒక్కడూ దొరకడు. సాహిత్య అకాడెమీ 1965లో గుర్తించింది, 2003లో 92వ సవరణతో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోకి వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో తమ మాతృభాష మైథిలి అని రాయించుకున్నవాళ్ళు దాదాపు 1.36 కోట్లు. నేపాల్లో అయితే నేపాలీ తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాష ఇదే.

సీతామఢీ_కోడలు

నేను గుంటూరు అమ్మాయిని, అత్తారిల్లు సీతామఢీ. పెళ్ళయిన కొత్తలో హిందీతో నెట్టుకొచ్చాను. మా అత్తగారికి అది సరిపోలేదు, మైథిలి నేర్పడం మొదలుపెట్టారు. పదాలు త్వరగానే వచ్చాయి. క్రియ చివరి ముక్క మాత్రం చాలాకాలం చుక్కలు చూపించింది.

వెంకట్ గారు లింగం లేదు, వచనం లేదు అని చెప్పారు. అది చదివి తేలికైన భాష అనుకునేరు! ఈ నాలుగు చూడండి:

హమర్ బేటా ఆయల్ అఛి. (మా అబ్బాయి వచ్చాడు)
తోహర్ బేటా ఆయల్ ఛౌ. (నీ కొడుకు వచ్చాడు)
ఓకర్ బేటా ఆయల్ ఛై. (వాడి కొడుకు వచ్చాడు)
హునకర్ బేటా ఆయల్ ఛని. (ఆయన కొడుకు వచ్చాడు)

నాలుగింట్లోనూ వచ్చింది కొడుకే. కర్త మారలేదు. అయినా ఆ కొడుకు ఎవరి కొడుకో దాన్ని బట్టి క్రియ మారింది. ఆ తండ్రి నేనా, నువ్వా, వాడా, ఆయనా అన్నది చివరి ముక్కే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో నాలుగింటికీ "హ్యాజ్ కమ్" ఒక్కటే. మనకీ "వచ్చాడు" ఒక్కటే.

మా అత్తగారు ఫోన్లో మాట్లాడుతుంటే ఎవరి గురించో పేరు వినపడకపోయినా, ఛని అన్నారా ఛై అన్నారా అన్నదాన్ని బట్టి పెద్దవాళ్ళ సంగతో కుర్రాళ్ళ సంగతో పట్టేస్తాను. ఇంట్లో కోడళ్ళకి ఈ విద్య అవసరం లెండి.

దర్భంగా_బ్యాంకోడు

ఇది నాకు కొత్త! అంటే పొద్దున పక్కింటి పిల్లాణ్ణి వాళ్ళ తాతగారి స్నేహితుడు "బాబూజీ ఘర్ మే ఛథున్?" అని అడిగాడు, నన్ను అడిగేటప్పుడు మాత్రం "ఛథి" అంటాడు. ఛథున్ అంటే ఏదో యాస అనుకున్నా.

సీతామఢీ_కోడలు

కాదండీ, లెక్క ప్రకారమే అన్నాడాయన. ఇంట్లో ఉన్నది తండ్రి, పెద్దమనిషి, కాబట్టి గౌరవం ఉండాలి: ఛథి. ఆ తండ్రి నీ తండ్రి, నువ్వేమో చిన్నవాడివి: దానికి "ఉన్". రెండూ కలిసి ఛథున్. ఒకే క్రియలో తండ్రికి దండం, కొడుక్కి చనువు. మిమ్మల్ని అడిగేటప్పుడు మీరు "అహాఁ" (మన "మీరు" లాంటి గౌరవం మాట) కాబట్టి ఛథి దగ్గరే ఆగిపోయాడు.

రిటైర్డ్_ఇంగ్లీషు_మాస్టారు

విజయనగరం జిల్లాలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. మైథిలి నాకు రాదు, ఇంగ్లీషు వైపు నుంచి చెబుతాను.

"రామ్ సా శ్యామ్", "శ్యామ్ సా రామ్". ఇంగ్లీషులో ఈ రెండింటికీ తేడా అంతా మాట నిలబడిన చోటులోనే ఉంది. క్రియకి ముందున్నవాడు చూసినవాడు, వెనకున్నవాడు కనపడినవాడు. పేర్లకి ఏ గుర్తూ తగలదు. ఎప్పుడూ ఇలా లేదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నామాలకి విభక్తి ప్రత్యయాలు ఉండేవి, మాటలు కొంత అటూ ఇటూ జరిగినా ఇబ్బంది ఉండేది కాదు. ఆ ప్రత్యయాలు అరిగిపోయాయి. వాటి పని మాటల వరస మీద పడింది. హీ, హిమ్ లాంటి సర్వనామాల్లో పాత ఆనవాళ్ళు మిగిలాయి. వర్తమానంలో హీ గోస్ అనేటప్పటి ఆ చివరి "స్" కూడా అలా మిగిలిన ముక్కే. పిల్లలందరినీ ఏడిపించేది అదే.

నువ్వు, మీరు తేడా కూడా ఇంగ్లీషులో ఉండేది: దౌ, యూ. దౌ పోయింది. ఇప్పుడు కుక్కకీ కలెక్టరుకీ ఒకటే యూ. మైథిలిలో ఎన్ని మెట్లున్నాయో తెలిసినవారు చెప్పండి.

వ్యాకరణం_వెంకట్

మాస్టారూ, మీరన్న మాటల వరసకి మైథిలి పక్క ఇది: "రామ్ శ్యామకేఁ దేఖలక్" అన్నా, "శ్యామకేఁ రామ్ దేఖలక్" అన్నా చూసింది రాముడే. "కేఁ" మన "ని" లాంటిది, అది ఎవరి వెంట ఉంటే వాళ్ళు కనపడినవాళ్ళు. మామూలు వరస మనలాగే కర్త, కర్మ, క్రియ.

మెట్లు నాలుగని చెప్పుకోవచ్చు. బాగా చనువుకి, చిన్నవాళ్ళకి ఒక "తూఁ", ఓ మోస్తరు మర్యాదకి "తోఁ", దాని క్రియ వేరు, గౌరవానికి "అహాఁ", ఇంకా పెద్దవాళ్ళకి "అపనే". మొదటి రెండూ పలకడంలో కలిసిపోతాయి, క్రియే విడదీస్తుంది.

ఇక అసలు విశేషం. సీతామఢీ కోడలు గారు చెప్పినది కర్త తాలూకు మనిషి గురించి. కర్మ కూడా క్రియలోకి వస్తుంది:

హమ్ తోరా దేఖలియౌ. (నేను నిన్ను చూశాను)
హమ్ ఓకరా దేఖలియై. (నేను వాణ్ణి చూశాను)
హమ్ హునకా దేఖలియని. (నేను ఆయన్ని చూశాను)

చూసింది మూడుసార్లూ నేనే. కనపడినవాళ్ళు మారితే క్రియ మారింది. కాబట్టి హమ్, తోరా తీసేసి ఊరికే "దేఖలియౌ" అన్నా పూర్తి వాక్యమే: నేను నిన్ను చూశాను. ఇంగ్లీషుకి దీనికి మూడు మాటలు కావాలి, ఒక్కటి తీసినా వాక్యం కుంటుతుంది. మన "చూశాను"లో నేను ఉన్నాను, నువ్వు లేవు.

అందుకే ఈ పిల్లలు ఇంగ్లీషులో సబ్జెక్టు వదిలేస్తారు. వాళ్ళకి క్రియ చెప్పేస్తే మనుషులంతా వచ్చేసినట్టే. ఇంగ్లీషు క్రియ ఖాళీ గిన్నె, అందులో ఎవరూ ఉండరు, అందర్నీ బయట విడివిడిగా నిలబెట్టాలి. వాన పడుతోందంటే వానకి కర్త లేకపోయినా "ఇట్" అని ఒక ఉత్తుత్తి కర్తని తెచ్చి కూర్చోబెడతారు చూడండి, అదీ సంగతి.

పల్నాడు_ప్రవీణ్

ఒక డౌటు. మనం "వచ్చాడురా", "వచ్చాడే", "వచ్చాడండీ" అంటాం కదా. వచ్చినవాడు ఎవరైనా, వినేవాళ్ళని బట్టి చివర మారుతుంది. మైథిలి ఛౌ కూడా అదే కాదా?

వ్యాకరణం_వెంకట్

దగ్గరకొచ్చారు ప్రవీణ్ గారూ. తేడా ఉంది. మన "రా" ఎవరి గురించి చెప్పినా తగులుతుంది: "ప్రధానమంత్రి వచ్చాడురా" అనొచ్చు, ప్రధానమంత్రికీ మన స్నేహితుడికీ ఏ చుట్టరికమూ అక్కర్లేదు. "తోహర్ బేటా ఆయల్ ఛౌ"లో ఛౌ రావడానికి కారణం కొడుకు నీ వాడు కావడం. ఎదుటివాడు ఆ సంగతిలో భాగం.

మీరన్న పద్ధతి పక్కనున్న మగహీలో బాగా ఉంది, వినేవాడికి సంబంధం లేకపోయినా క్రియ అతన్ని పట్టించుకుంటుంది. మైథిలి మాటల్లోనూ అక్కడక్కడా వినపడుతుంది. గీత గీసి ఇది ఇది, అది అది అనలేం.

ఇలా కర్తనీ కర్మనీ రెండింటినీ క్రియలో కట్టడం హిందీలో లేదు, బెంగాలీలో లేదు. సంతాలీ లాంటి ముండా భాషల్లో ఉంది, నేపాల్ కొండల్లోని కిరాంతీ భాషల్లో ఉంది. అక్కణ్ణుంచి అబ్బిందా, సొంతంగా పెరిగిందా అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. సర్వనామాలే అరిగి క్రియకి అతుక్కున్నాయనే మాట నాకు ఎక్కువ నచ్చుతుంది. తోరాలోని త కనపడకుండా పోయి ఔ ఎలా అయిందని మాత్రం అడక్కండి, దానికి ఇంకో చర్చ తెరవాలి.

ఎందుకీగోల

సరే, యాస కాదంటున్నారు. మరి ఇన్ని మెట్లు, ఇన్ని మర్యాదలు ఉన్న క్రియ మామూలు రైతుకూలీ కూడా ఇలాగే వాడతాడా? పుస్తకాల భాష పండితులది అయి ఉంటుంది.

సీతామఢీ_కోడలు

ఇది మంచి ప్రశ్న. పుస్తకాల్లో కనిపించే మైథిలి ఎక్కువగా దర్భంగా, మధుబనీ వైపు బ్రాహ్మణ, కర్ణ కాయస్థ ఇళ్ళ మాట. మా వీధిలో పాలు పోసే ఆయన క్రియలు మా అత్తగారి క్రియల్లా ఉండవు. గౌరవం మెట్లు తక్కువ, ఛై ఎక్కువ వినపడుతుంది. అది తప్పు మైథిలి అని మా మామగారు అంటారు, నేను ఒప్పుకోను. మా సీతామఢీలోనే కొంతమంది మాది బజ్జికా అంటారు, భాగల్పూర్ వైపు వాళ్ళు మాది అంగికా అంటారు. గ్రియర్సన్ ఆ భాగల్పూర్ మాటకి "ఛికా ఛికీ" అని పేరు పెట్టి మైథిలి కిందే వేశాడు. ఎవరి భాషకి పేరు ఎవరు పెట్టాలన్న గొడవ అక్కడ ఇప్పటికీ ఉంది. పిల్లల తప్పులు దిద్దేటప్పుడు ఆ పిల్లాడు ఏ ఇంట్లోంచి వచ్చాడో కూడా చూడండి బ్యాంకు గారూ.

జనక్‌పూర్_నుంచి

నేపాల్ వైపు నుంచి పలకరింపు. ఇక్కడ ప్రాజెక్టు పని మీద ఉన్నాను. ఇక్కడి పిల్లలకి మధ్యలో హిందీ బదులు నేపాలీ. నేపాలీలోనూ హిందీ "నే" లాంటి "లే" ఉంది. మైథిలి పిల్లలు నేపాలీ పరీక్షలో ఆ లే మర్చిపోయి మార్కులు పోగొట్టుకుంటారు. అంటే ఇంగ్లీషు కన్నా ముందే ఇంకో గ్రామర్‌తో కుస్తీ.

ఇంకో ముక్క, చదివేవాళ్ళ కోసం. "అఛి" అని రాస్తారు గానీ నోటితో "అయిఛ్" అంటారు. చివరి పొట్టి ఇకారం ముందుకు దూకుతుంది. "ఛని" కూడా "ఛయిన్" అవుతుంది, "పాని" "పాయిన్" అవుతుంది. రాసింది చూసి పలికితే జనం నవ్వుతారు.

దర్భంగా_బ్యాంకోడు

పాపా సెడ్ దట్ సంగతి ఎవరూ చెప్పలేదు. అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే.

వ్యాకరణం_వెంకట్

మైథిలిలో: "బాబూజీ కహలని జే హమ్ ఆఇ నహి ఆయబ్." మాటకి మాట: నాన్న అన్నారు, నేను ఇవాళ రాను. ఆ "హమ్" నాన్నే. "జే" అన్నది "దట్" నిలబడే చోటే నిలబడుతుంది, కానీ పని వేరు. జే తర్వాత ఆ మనిషి అన్న మాట అన్నట్టే వస్తుంది. ఇంగ్లీషు దట్ తర్వాత అలా రాదు, అక్కడ మాట చెప్పేవాడి కళ్ళతో తిరగరాయాలి: ఐ కాస్తా హీ అవుతుంది, విల్ వుడ్ అవుతుంది, టుడే కూడా సందర్భాన్ని బట్టి దట్ డే అవుతుంది. చోటు ఒకటే కావడంతో పిల్లాడు జే తీసి దట్ పెట్టి చేతులు దులుపుకుంటాడు. అతని తర్కంలో తప్పేం లేదు.

మనకి "అని" వెనక వస్తుంది, పైగా "రానన్నాడు" అని కలిపేస్తాం. అందుకని మనవాళ్ళు దట్ దగ్గర ఇంకో రకంగా తికమక పడతారు.

అన్నట్టు అదే "జే" ఇంకో పనీ చేస్తుంది: "జే కాజ్ కరత్ సే ఖాయత్", ఎవడు పని చేస్తాడో వాడు తింటాడు. జే, సే జంట. మనం "పనిచేసేవాడు" అని క్రియని విశేషణం చేసి ముందు పెట్టేస్తాం. ఇంగ్లీషు "హూ" పెట్టి మనిషి వెనక తగిలిస్తుంది. ఈ పిల్లలు "హూ విల్ వర్క్, హీ విల్ ఈట్" అని రాస్తే ఆశ్చర్యపోకండి.

రిటైర్డ్_ఇంగ్లీషు_మాస్టారు

దీనికి నేను మా పిల్లలతో చేయించిన పని ఒకటుంది. ఇద్దరిని నిలబెట్టి ఒకడి చేత మాట అనిపించేవాణ్ణి, రెండోవాడు మూడోవాడికి వేలితో చూపిస్తూ చెప్పాలి. వేలు ఎటు తిరిగితే సర్వనామం అదే. నోట్సు రాయించడం కన్నా అది పనిచేసింది. ప్రశ్నలకి మాత్రం ఇలాంటి చిట్కా ఏదీ లేదు. "అహాఁ కతయ జాఇత్ ఛీ", మీరు ఎక్కడికి వెళ్తున్నారు, రెండింట్లోనూ ప్రశ్నమాట తన చోటు నుంచి కదలదు. అవును కాదు ప్రశ్నకి వాళ్ళు ముందో వెనకో "కీ" పెడతారట, మనం చివర దీర్ఘం తీస్తాం. ఇంగ్లీషు ఒక్కటే వాక్యాన్ని తిప్పి కడుతుంది, తిప్పడానికి సహాయక క్రియ లేకపోతే డూ అని ఒకదాన్ని అరువు తెస్తుంది. దానికి సాధన తప్ప మార్గం లేదు.

పల్నాడు_ప్రవీణ్

మనకీ వాళ్ళకీ కలిసేవి ఇంకా ఉన్నాయా? "నాకు ఆకలేస్తోంది" లాంటివి?

వ్యాకరణం_వెంకట్

ఉన్నాయి. "హమరా భూఖ్ లాగల్ అఛి", నాకు ఆకలి వేసింది. ఇంగ్లీషువాడు ఐ యామ్ హంగ్రీ అని తానే కర్త అయిపోతాడు, మనమూ మైథిలులూ ఆకలిని కర్తని చేసి పక్కకి తప్పుకుంటాం. వేరు వేరు కుటుంబాల భాషలు పక్కపక్కన బతికి ఇలా ఒకేలా తయారవడం గురించి ఎమెనో అనే భాషావేత్త 1956లో రాశాక అదో పెద్ద చర్చ అయింది. మైథిలి ఇక్కడా తన బుద్ధి పోనిచ్చుకోదు: "తోరా భూఖ్ లాగల్ ఛౌ", "హునకా భూఖ్ లాగల్ ఛని". ఆకలి ఎవరిదో క్రియలో నమోదు కావాల్సిందే.

ఇంకోటి, మనం "రాముడే", "రాముడూ" అంటాం, వాళ్ళు "రామే", "రామో" అంటారు. రాముడు మాత్రమే, రాముడు కూడా. ఇంగ్లీషుకి ఓన్లీ, టూ అని విడి మాటలు కావాలి, లేదా గొంతు నొక్కి పలకాలి.

దర్భంగా_బ్యాంకోడు

వేలు చూపించే ఆట రేపే మొదలుపెడతా. చివరిగా ఒకటి: పక్కింటి తాతగారు "ఈ హమర్ గామ్ థిక్" అంటారు, పిల్లలేమో అదే మాటని "అఛి" అంటారు. ఇంగ్లీషులో రెండూ ఈజ్ అనే రాయించాను. తేడా ఏమైనా ఉందా?

సీతామఢీ_కోడలు

ఉంది. ఫలానాది ఇదీ అని గుర్తు పట్టి చెప్పేటప్పుడు థిక్: ఇది మా ఊరు, అది పలానా చెట్టు. ఎలా ఉంది, ఎక్కడ ఉంది అన్నప్పుడు అఛి. కొత్తగా వచ్చిన మనిషిని చూసి ఎవరాయన అని గౌరవంగా అడగాలంటే "ఓ కే థికాహ్?" అంటారు. మనమైతే ఇది మా ఊరు అని క్రియ లేకుండానే ఆపేస్తాం. కుర్రకారు మాటల్లో థిక్ బాగా తగ్గిపోయి అఛి, ఛై అన్నిచోట్లా వచ్చేస్తున్నాయి. రాతలో, పెద్దవాళ్ళ నోట ఇంకా ఉంది. ఇంగ్లీషులో ఈజ్ అనే రాయించండి, ఇంకో దారి లేదు. తాతగారితో మాట్లాడేటప్పుడు మాత్రం మీరు థిక్ అనండి, ఆయన సంతోషిస్తారు.